2147483647 ప్రధాన సంఖ్య అని కంప్యూటర్ లేకుండా ఎలా తేల్చారు?

అమ్మా, ముందు నీ ప్రశ్న నాకు అర్థమైనట్టు చెప్తాను, తేడా ఉంటే సరిచెయ్. శ్రీకాకుళంలో బీఎస్సీ మ్యాథ్స్ రెండో సంవత్సరం చదువుతున్నావు. 2147483647 ప్రధాన సంఖ్య అనీ, దాన్ని 1772లోనే ఆయిలర్ అనే గణితవేత్త తేల్చాడనీ చదివావు. చేతి లెక్కల రోజుల్లో పదంకెల సంఖ్యని ఎలా తేల్చాడన్నది నీ మొదటి అనుమానం. ఇది ప్రైమ్ కాబట్టే కంప్యూటర్లలో పెద్ద పూర్ణాంకానికి హద్దుగా పెట్టుకున్నారని పాలిటెక్నిక్ చదివిన మీ అన్నయ్య అంటున్నాడు, అది నిజమేనా అన్నది రెండోది. దీని మీద కాలేజీలో ప్రాజెక్టు చేయొచ్చా అన్నది మూడోది. నేను విజయనగరంలో డిగ్రీ పిల్లలకి నంబర్ థియరీ చెప్పి రిటైరయినవాడిని. చనువుగా నువ్వు అనేస్తున్నాను, ఏమీ అనుకోకు.

మీ అన్నయ్య మాట తొందరగా తేలిపోతుంది కాబట్టి అక్కడే మొదలుపెడతాను. ఆయన చెప్పింది తిరగేసిన మాట. కంప్యూటర్ ఒక పూర్ణాంకానికి మామూలుగా 32 బిట్లు, అంటే 0 గానీ 1 గానీ పట్టే 32 గళ్ళు, ఇస్తుంది. వాటిలో ఒకటి ప్లస్, మైనస్ గుర్తుకి పోతే మిగిలేవి 31. ఆ 31 గళ్ళలోనూ 1 వేస్తే వచ్చే విలువ 2³¹ − 1, అంటే 2147483647. మన లెక్కన 214 కోట్ల 74 లక్షల 83 వేల 647. అది ప్రధాన సంఖ్య కావాలని అక్కడ ఎవరూ కోరుకోలేదు, అలా కలిసొచ్చిందంతే. పాత 16 బిట్ల లెక్కలో ఇదే హద్దు 32767, అది 7 × 31 × 151. ఇప్పటి 64 బిట్లలో హద్దు 2⁶³ − 1. దాన్ని 7 భాగిస్తుంది, 73 భాగిస్తుంది, 127 కూడా భాగిస్తుంది. ఘాతాంకాన్ని 3 భాగిస్తే చాలు, మొత్తం సంఖ్యని 2³ − 1 అంటే 7 భాగించి తీరుతుంది. 15కీ, 63కీ పట్టిన గతి అదే. 8 బిట్లకి వచ్చే 127 మాత్రం ప్రైమే, అక్కడ ఘాతాంకం 7.

పాత పద్ధతిలో 1970 జనవరి 1 నుంచి సెకన్లు లెక్కపెట్టుకుంటూ వచ్చే యంత్రాలకి 2038 జనవరి 19న, మన టైములో ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకి ఈ హద్దు వచ్చేస్తుంది. అది ఇంజనీర్ల టెన్షన్. ఆ సంఖ్య ప్రైమ్ అయినా కాకపోయినా వాళ్ళకి ఒరిగేదేమీ లేదు.

ఇప్పుడు అసలు విషయం. 2 ఘాతంలోంచి ఒకటి తీసేస్తే వచ్చే ఇలాంటి ప్రధాన సంఖ్యల్ని మెర్సెన్ ప్రధాన సంఖ్యలంటారు. ఘాతాంకం ప్రైమ్ కాకపోతే సంఖ్య ప్రైమ్ కాదు, పైన 3తో చూసిందే ఘాతాంకం భాజకం ఏదైనా జరుగుతుంది. కానీ ఘాతాంకం ప్రైమ్ అయినంత మాత్రాన సంఖ్య ప్రైమ్ అయిపోదు. పరీక్షల్లో పిల్లలు ఎక్కువగా జారేది ఇక్కడే. 11 ప్రైమే, కానీ 2¹¹ − 1 = 2047 = 23 × 89. పదహారో శతాబ్దం చివర్లో ఇటలీలో కటాల్డి 17, 19 ఘాతాంకాలకి సరిగ్గానే తేల్చాడు. కానీ 23, 29, 31, 37 కూడా ప్రైమ్‌లే ఇస్తాయని అనేశాడు. వాటిలో చివరికి నిలబడింది 31 ఒక్కటే. 23నీ 37నీ 1640లో ఫెర్మా కొట్టేశాడు, 29ని తర్వాత ఆయిలర్ కొట్టేశాడు. 1644లో మెర్సెన్ ఇచ్చిన జాబితాలో 31 ఉంది, అదీ రుజువు లేకుండానే. అదే జాబితాలో 67, 257 తప్పు, 61, 89, 107 అసలు లేవు. అంటే ఆయిలర్ మొదలుపెట్టే నాటికి 31 గురించి ఉన్నదంతా ఊహే.

మామూలు దారి నీకు తెలిసిందే. ఒక సంఖ్య ప్రైమ్ కాకపోతే దాని వర్గమూలం లోపలే ఒక ప్రధాన భాజకం దొరకాలి. 2147483647కి వర్గమూలం 46340 దాటి కొంచెం. ఆ లోపల ఉన్న ప్రధాన సంఖ్యలు నాలుగు వేల ఏడు వందలకు పైనే. అన్నిటితోనూ పదంకెల భాగహారం చేయాలంటే చేయొచ్చు గానీ ఎక్కడో ఒకచోట చెయ్యి తప్పుతుంది. ఒక్క శేషం తప్పినా మొత్తం రుజువు పోయినట్టే. పైగా అప్పటికి ఆయిలర్‌కి చూపు దాదాపు పోయింది, వయసు అరవై దాటింది. అందుకని ఆయన భాగహారాలు మొదలుపెట్టకముందే వాటిలో చాలావాటిని ఎగరగొట్టాడు. ఆ పద్ధతి నువ్వు నీ నోట్సులో ఒక్క పేజీలో రాయగలవు.

ఒక ప్రధాన సంఖ్య మన సంఖ్యని నిశ్శేషంగా భాగిస్తుందనుకో. పేరు కోసం దాన్ని 'భ' అందాం. అంటే 2³¹ని భతో భాగిస్తే శేషం 1. భ ప్రైమ్ కాబట్టి ఫెర్మా చిన్న సిద్ధాంతం ప్రకారం 2ను (భ − 1) ఘాతానికి ఎత్తినా శేషం 1. ఇప్పుడు 2, 4, 8, 16 అని ఘాతాలు రాసుకుంటూ పోతే, శేషం 1 మొదటిసారి ఎన్నో మెట్టులో వస్తుందో చూడు. ఆ మెట్టు సంఖ్య 31నీ భాగించాలి, భ − 1నీ భాగించాలి. 31 ప్రైమ్, కాబట్టి ఆ మెట్టు 1 అన్నా కావాలి, 31 అన్నా కావాలి. 1 కాదు, ఎందుకంటే 2ను భతో భాగిస్తే శేషం 1 రాదు. కాబట్టి 31. అంటే భ − 1ని 31 భాగిస్తుంది. భ బేసి కాబట్టి 62 కూడా భాగిస్తుంది. ఈ ఒక్క వాక్యంతో 62తో భాగిస్తే శేషం 1 రాని ప్రధాన సంఖ్యలన్నీ జాబితాలోంచి పోయాయి.

రెండో జల్లెడ నాకు ఇంకా ఇష్టం. 2³¹కి శేషం 1 అయితే 2³²కి శేషం 2. కానీ 2³² అంటే 2¹⁶ వర్గమే కదా. అంటే మాడ్యులో భలో, అనగా భతో భాగించిన శేషాల లెక్కలో, 2 ఒక వర్గం. ఏ ప్రధాన సంఖ్యల దగ్గర 2 వర్గం అవుతుందో మీ సిలబస్‌లో ఉంటుంది: 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ శేషం వచ్చేవాటి దగ్గరే. ఈ రెండు షరతులూ కలిపితే, భని 248తో భాగించినప్పుడు శేషం 1 లేదా 63 రావాలి. వేరే దారి లేదు.

చెయ్యి పెట్టి చూడు. 63, 249, 311, 497, 559, 745, 807, 993, 1055, 1241, 1303, 1489... ఇలా 46340 దాకా 373 సంఖ్యలొస్తాయి. వీటిలో ప్రైమ్ కానివి మళ్ళీ తీసేయొచ్చు. 63 పోయింది, 249ని 3 భాగిస్తుంది, 497ని 7, 559ని 13, 1241ని 17. అంటే మొదట భాగించి చూడాల్సింది 311. దాని తర్వాత నేరుగా 1303కి దూకొచ్చు, ఆ తర్వాత 1489. చివరికి మిగిలేవి ఎనభై పైచిలుకు భాగహారాలు. 311తో శేషం 35 వస్తుంది, కావాలంటే చూసుకో. ఆయిలర్ వాటన్నిటితోనూ శేషం సున్నా రాదని తేల్చి, 1772లో బెర్నూలీల్లో ఒకరికి ఉత్తరంలో ఆ సంగతి రాశాడు. 248తో శేషం 1, శేషం 63 అన్న ఆ రెండు రూపాలూ ఆ ఉత్తరంలోనే ఉన్నాయి.

ఈ జల్లెడ ఎంత పదునైనదో చూడాలంటే 29 మీద పెట్టి చూడు. 2²⁹ − 1 భాజకాలు 58తో శేషం 1 ఇవ్వాలి, 8తో 1 లేదా 7 ఇవ్వాలి. 59కి 8తో శేషం 3, పనికిరాదు. 117, 175 ప్రైమ్‌లు కావు. తర్వాతది 233. మొట్టమొదట భాగించి చూడాల్సిన సంఖ్యే భాగించేస్తుంది! 23కి అయితే అంతకన్నా ముందే: 47 దగ్గరే పని అయిపోతుంది. కటాల్డికి ఈ రెండు షరతులూ తెలిసుంటే ఆ పొరపాటు జరిగేదే కాదు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పదంకెల ప్రైమ్ కావడం ఈ సంఖ్య ప్రత్యేకత అని చాలామంది రాస్తుంటారు. అందులో ఏమీ లేదు. దీని దాకా లెక్కేస్తే, దీనితో కలిపి 10,50,97,565 ప్రధాన సంఖ్యలున్నాయి. దీనికి ముందరి ప్రైమ్ 2147483629, తర్వాతది 2147483659. వాటి గురించి ఎవరూ ఉత్తరాలు రాయలేదు. దీని అదృష్టమంతా పక్కింట్లో ఉంది. ఒకటి కలిపితే అచ్చమైన 2³¹. ఆ పొరుగు వల్లే దీని గురించి ఇంత సులువుగా ఇన్ని విషయాలు చెప్పగలుగుతున్నాం. ఇకపైన చెప్పేదంతా దాదాపు దాని ఫలమే.

ముందు భాగహారం సంగతి. 9తో భాగిస్తే వచ్చే శేషం కోసం అంకెలు కూడేస్తాం కదా, 9కి పక్కన 10 ఉంది కాబట్టి. అచ్చం అలాగే 2147483647తో శేషం కావాలంటే సంఖ్యని 2³¹ దగ్గర రెండు ముక్కలు చేసి, పై ముక్కనీ కింది ముక్కనీ కూడేస్తే చాలు. భాగహారమే అక్కర్లేదు. కంప్యూటర్‌కి ఇది చిటికెలో పని.

దీని మీద ఆధారపడిందే లూకాస్ పరీక్ష. పందొమ్మిదో శతాబ్దంలో ఫ్రాన్స్‌లో లూకాస్ కనిపెట్టాడు, తర్వాత అమెరికాలో లెహ్మర్ దాన్ని ఇప్పుడు మనం వాడే రూపానికి తెచ్చాడు. 4తో మొదలుపెట్టు. వర్గం చేసి 2 తీసెయ్, శేషం తీసుకో. మళ్ళీ వర్గం, మళ్ళీ 2 తీసెయ్. ఘాతాంకం కన్నా రెండు తక్కువ సార్లు ఇలా చేశాక సున్నా వస్తే సంఖ్య ప్రైమ్, రాకపోతే కాదు. అంతే, మధ్యలో అనుమానాలేమీ ఉండవు. మా సందులో ఇంటర్ పిల్లల చేత బోర్డు మీద 2⁷ − 1కి, అంటే 127కి చేయిస్తుంటాను. ఐదు మెట్లు:

4 నుంచి 14.
14 నుంచి 194. అందులో 128 ఒకసారి పోతుంది, మిగిలింది 66. 1 + 66 = 67.
67 నుంచి 4487. అందులో 128లు 35, మిగిలింది 7. కూడితే 42.
42 నుంచి 1762. అందులో 128లు 13, మిగిలింది 98. కూడితే 111.
111 నుంచి 12319. అందులో 128లు 96, మిగిలింది 31. కూడితే 127, అంటే సున్నా.

"ఏటి మాస్టారూ, ఇంతేనేటి?" అంటాడు ఎవడో ఒకడు ప్రతిసారీ. ఇంతే. మన సంఖ్యకైతే 29 మెట్లు. లూకాస్ వచ్చేసరికి ఆయిలర్ చేసిన ఎనభై పైచిలుకు భాగహారాల స్థానంలో 29 వర్గాలు వచ్చాయి. ఇంకా పైకి పోయేకొద్దీ తేడా ఊహకందదు. 1876లో లూకాస్ ఇలాంటి దారిలోనే 2¹²⁷ − 1 ప్రైమ్ అని తేల్చాడు, అది 39 అంకెల సంఖ్య. ఆయిలర్ జల్లెడతో అయితే అక్కడికి చేరడం అయ్యే పని కాదు. 2024 అక్టోబరులో బయటపడిన ఇప్పటి రికార్డు 2¹³⁶²⁷⁹⁸⁴¹ − 1, అందులో 4,10,24,320 అంకెలున్నాయి. దాన్ని ఖాయం చేసుకోవడానికి వాడిన పరీక్షల్లో ఈ లూకాస్ పరీక్ష కూడా ఉంది.

ఇంకో సుఖం వర్గమూలాలది. మాడ్యులో ప్రైమ్‌లో వర్గమూలం కనుక్కోవడం మామూలుగా కొంచెం చిరాకు పని. 4తో భాగిస్తే శేషం 3 వచ్చే ప్రైమ్ అయితే దగ్గర దారి ఉంది: సంఖ్యని (ప్రైమ్ + 1)/4 ఘాతానికి ఎత్తితే చాలు. మన దగ్గర ప్రైమ్ + 1 అంటే 2³¹, నాలుగో వంతు 2²⁹. అంటే ఏ వర్గానికైనా మూలం కావాలంటే ఆ సంఖ్యని వరసగా 29 సార్లు వర్గం చేయడమే! వర్గమూలం కోసం వర్గాలు చేయడమేంటని క్లాసులో నవ్వేవాళ్ళు. సరిచూడ్డానికి సులువైనది 2కి మూలం, అది 65536. దాని వర్గం 4294967296. అందులోంచి మన సంఖ్యని రెండుసార్లు తీసేస్తే మిగిలేది 2.

ఇక్కడిదాకా ప్రైమ్‌కి ఒకటి కలిపిన వైపు. ఒకటి తీసేసిన వైపు చూస్తే 2147483646 = 2 × 3² × 7 × 11 × 31 × 151 × 331. చూడ్డానికి చిల్లర కారణాంకాలు, కానీ దీనివల్ల ఒక మంచి ఉపయోగం ఉంది. మాడ్యులో ఈ ప్రైమ్‌లో 7 ఒక ప్రిమిటివ్ రూట్. అంటే 7 ఘాతాలు రాసుకుంటూ పోతే 1 నుంచి 2147483646 దాకా ప్రతి సంఖ్యా సరిగ్గా ఒక్కసారి వచ్చాకే మళ్ళీ 1 వస్తుంది. 5 పైన చెప్పిన కారణాంకాల్లో లేదు కాబట్టి 7⁵ = 16807కి కూడా అదే గుణం ఉంది. 1988లో పార్క్, మిల్లర్ అనే ఇద్దరు యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించడానికి కనీసం ఈ మాత్రం పద్ధతి వాడండని చెప్పినది ఇదే: ఉన్న సంఖ్యని 16807తో గుణించి 2147483647తో శేషం తీసుకో. 1తో మొదలుపెడితే 16807, 282475249, 1622650073 అని పోతుంది. 10,000 సార్లు చేశాక 1043618065 రావాలి. రాకపోతే ప్రోగ్రాం తప్పు. సీ ప్లస్ ప్లస్ లైబ్రరీలో ఇప్పటికీ ఇది ఉంది. ఆటలకీ, లెక్కల ప్రయోగాలకీ సరే గానీ ఓటీపీలకీ పాస్‌వర్డ్‌లకీ పొరపాటున కూడా వాడకూడదు. ఒక్క సంఖ్య తెలిస్తే తర్వాతవన్నీ తెలిసిపోతాయి.

బ్యాంకు లావాదేవీల భద్రతకి ఈ ప్రైమ్ పనికొస్తుందా అని మీ క్లాసులో ఎవరైనా అడగొచ్చు. పనికిరాదు, చాలా చిన్నది. అక్కడ మామూలుగా వాడే ప్రైమ్‌లకి మూడొందల అంకెలుంటాయి.

మిగిలినవి గబగబా చెప్పేస్తాను. 8తో భాగిస్తే దీని శేషం 7, కాబట్టి దీన్ని రెండు వర్గాల మొత్తంగా రాయలేం, మూడు వర్గాల మొత్తంగా కూడా రాయలేం, నాలుగు కావాల్సిందే. దీన్ని 2³⁰తో గుణిస్తే పరిపూర్ణ సంఖ్య వస్తుంది: 2305843008139952128. దాన్ని మినహాయించి మిగతా భాజకాలన్నీ కూడితే మళ్ళీ అదే. 1811లో ఇంగ్లండులో పీటర్ బార్లో ఈ పరిపూర్ణ సంఖ్యని దాటి ఇక ఎవరూ వెతకరనీ, ఉపయోగం లేని పనికి ఎవరు పూనుకుంటారనీ రాశాడు. పాపం! ఈ ప్రైమ్‌కి రెండు కలిపితే 2147483649 = 3 × 715827883. ఈ రెండో కారణాంకం కూడా ప్రైమే. రెండు తీసేస్తే చివర 5 ఉంటుంది, కాబట్టి దీనికి జంట ప్రైమ్ లేదు.

ఇంకొక్కటి, ఇది నీ ప్రాజెక్టుకి బాగుంటుంది. 5 ప్రైమ్. 2⁵ − 1 = 31 ప్రైమ్. 2³¹ − 1 ప్రైమ్. మరి దీన్నే ఘాతాంకంగా పెట్టి 2²¹⁴⁷⁴⁸³⁶⁴⁷ − 1 అంటే? అది 64 కోట్లకు పైగా అంకెలున్న సంఖ్య, మొత్తం రాయడం కూడా దండగ. కానీ ప్రైమ్ కాదని తెలుసు, ఎందుకంటే దాన్ని 295257526626031 భాగిస్తుంది. ఇక్కడ కూడా ఆయిలర్ మొదటి షరతే పనిచేస్తుంది: ఆ భాజకంలోంచి ఒకటి తీసేస్తే 2147483647 × 2 × 68745. రెండో షరతు కూడా సరిపోతుంది, 8తో శేషం 7. భాగిస్తుందని చూపడానికి ఆ మహా సంఖ్యని రాయక్కర్లేదు. 2ను వరసగా 31 సార్లు వర్గం చేసుకుంటూ ప్రతిసారీ ఆ భాజకంతో శేషం తీసుకుంటూ పోతే చివర మళ్ళీ 2 వస్తుంది, అంతటితో పని అయిపోతుంది.

ప్రాజెక్టుకి నా సలహా: మొత్తం చరిత్ర రాసుకుంటూ కూర్చోకు, మార్కులు వేసేవాళ్ళు చదవరు. మూడు చిన్న ప్రోగ్రాములు రాయి. ఒకటి ఆయిలర్ జల్లెడ. అందులో 248తో శేషం 1, 63 వచ్చే ప్రైమ్‌లు ఎన్ని మిగిలాయో, ఒక్కోదానితో శేషమెంతో పట్టిక వెయ్యి. రెండోది లూకాస్ పరీక్ష. మూడోది పైన చెప్పిన మహా సంఖ్య భాజకాన్ని సరిచూసేది. పైథాన్‌లో రాస్తే పెద్ద సంఖ్యలతో ఇబ్బంది ఉండదు. కానీ మూడోదాంట్లో ప్రతి మెట్టులోనూ శేషం తీసుకోవడం మరిచిపోతే సిస్టం అలా ఉండిపోతుంది. సీ భాషలో రాస్తే లూకాస్ పరీక్ష లబ్ధాల్ని 64 బిట్ల వేరియబుల్లో పెట్టుకో. మామూలు ఇంట్‌లో పెడితే సరిగ్గా ఈ 2147483647 దగ్గరే హద్దు దాటి పిచ్చి జవాబులొస్తాయి. మూడోదానికి మాత్రం సీలో 64 బిట్లు కూడా చాలవు, దాన్ని పైథాన్‌లోనే చెయ్. లూకాస్ ప్రోగ్రాంని ముందు 7, 13, 17, 19 మీద నడిపి సున్నా వస్తోందో లేదో చూసుకుని, తర్వాత 11, 23, 29 మీద నడుపు. 29కి కూడా సున్నా చూపిస్తే, శేషం తీసే లైనులో తప్పుందని అర్థం. ముందు అక్కడ వెతుకు.